బాయిలోడు

బస్సు దిగేటప్పుడు సంతోషి ఫోను జారిపడి అద్దం పగిలింది. నాచారంలో ఆమె పనిచేసే మాత్రల కంపెనీ చుట్టుపక్కల బాగుచేసేవాళ్లు లేకపోలేదు. కానీ ప్యాకింగ్ లైనులో తనతోపాటు పనిచేసే ఒకామె, ఉప్పల్ మెట్రో దగ్గర ఒకాయన ఉన్నాడని, పని నిదానమైనా మోసం ఉండదని చెప్పింది. ఆ మాట పట్టుకుని శనివారం డ్యూటీ దిగగానే అటు వెళ్లింది.

షాపు అని పేరే గానీ రెండు గోడల నడుమ సందు అది. ఒక అద్దాల బల్ల, దాని వెనక ఒక మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో ఫోను విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే, జరసేపు పడుతుంది, కూర్చోమన్నాడు. ఆ గొంతు వినగానే సంతోషికి ఒళ్లంతా ఒక్కసారి వేడి నూనె వాసన కమ్మినట్టయింది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం వినపడిన గొంతు అది. టైమైపోయింది, లేవండిరా అని పిల్లల్ని కుర్చీల్లోంచి లేపిన గొంతు.

"బసవరాజన్నా?" అంది.

అతను భూతద్దం నుదుటి మీదికి జరిపి చూశాడు. వెంట్రుకలు నెరిసి, గోరింటాకు రంగు తేలాయి. బుగ్గలు లోపలికి పోయాయి. కొంచెంసేపు చూసి, "నువ్వు మల్లవ్వ బిడ్డవు గదా," అన్నాడు. "కిటికీల కెల్లి ఆట నేర్పినదానివి."

ఆ తర్వాత ఫోను సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

* * *

అప్పట్లో నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో బసవరాజుకు వీడియోగేముల షాపు ఉండేది. ఒకటే గది. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్ డబ్బాలు, ప్లాస్టిక్ కుర్చీలు. గదికి ఒక కిటికీ. ఆ కిటికీ కింద, సరిగ్గా గోడను ఆనించి మల్లవ్వ మిరపకాయ బజ్జీల బండి. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు సందంతా జనం. సంతోషి బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ బండి కింద తోసి, శనగపిండి కలపడానికి కూర్చునేది. ఆమె కూర్చునే పీట మీంచి తల ఎత్తితే, కిటికీ ఊచల మధ్య నుంచి ఒక టీవీ కనపడేది.

ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎవరూ అనలేదు. ఆ మాట అనవలసిన అవసరం రాలేదు, అంతే. లోపల మగపిల్లలు ఉండేవాళ్లు, బయట ఆమె ఉండేది. చేతులు ఎప్పుడూ పిండిలోనే.

ఆ టీవీ దగ్గర రోజూ కూర్చునేవాడు విక్రమ్. లాలాపేట్‌లో రైల్వే ఉద్యోగి కొడుకు. అక్కడే ఆడితే వాళ్ల నాయన కంటపడతాడని సైకిలు తొక్కుకుంటూ నాచారం దాకా వచ్చేవాడు. వాడి వెంట ఇద్దరు ముగ్గురు దోస్తులు. మిగతా టీవీల మీద గుద్దులాటలు, కార్ల పందేలు నడుస్తుంటే, వీళ్లు మాత్రం ఎవరికీ పట్టని ఒక డిస్కు పెట్టుకుని కూర్చునేవాళ్లు. బసవరాజు ఎక్కడో పాత డిస్కుల కుప్పలో తెచ్చాడు దాన్ని. అందులో మాటలన్నీ జపాను అక్షరాలు. ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాదు. ఏ వరసలో ఏముందో గుర్తుపెట్టుకుని, పైనుంచి మూడోది నొక్కితే మందు, దాని కింది దాన్ని నొక్కితే కాపాడుకోవడం, ఇట్లా గుడ్డివాడు ఇల్లు తెలుసుకున్నట్టు తెలుసుకున్నారు.

కథ అర్థం కాకపోతే ఏం, వాళ్లే కథ అల్లుకున్నారు. నలుగురు మనుషులు దేశం మీద తిరుగుతుంటారు. ఇనుప చొక్కా తొడుక్కున్నవాడు పహిల్వాన్. మంటలు కురిపించే గడ్డం మనిషి తాత. గాయాలు మాన్పే తెల్ల గౌను పిల్ల డాక్టరమ్మ. కత్తి పట్టుకుని గంతులేసే చిన్నది చిట్టి. నలుగురూ కలిసి ఊరూరా దయ్యాలను కొట్టి, బలం పెంచుకుని, చివరికి ఒక రాక్షస రాజును చంపుతారు. వాడు చచ్చాక పేర్లు పడతాయి, పాట వస్తుంది, ఆట అయిపోతుంది. ఆ పాట విన్న రోజు పిల్లలు అందరికీ బజ్జీలు తినిపించారు.

ఆట అక్కడితో అయిపోవాలి. కానీ విక్రమ్ ఒకరోజు ఊరికే తిరుగుతూ, పాడుబడిన ఒక ఊరి వెనక ఎండిపోయిన బావిలోకి దిగాడు. కింద ఒక రాతి మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. రెండు భుజాల మీదా వరసగా దీపాలు వెలుగుతున్నాయి. వాడితో కొట్లాడవలసిన పని లేదు. వాడిని వదిలేసినా కథకు ఏ లోటూ రాదు. అయినా విక్రమ్ వెళ్లి కెలికాడు. రాక్షస రాజును చంపిన నలుగురూ నిమిషంలో నేల కరిచారు.

ఆ రోజు నుంచి వాళ్లకు వేరే ధ్యాస లేదు. బావిలో ఉన్నాడని వాడికి బాయిలోడు అని పేరు పెట్టారు. వాడి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. ఆఖరిది ఆరగానే తెరంతా చీకటి. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి నలుగురూ పడిపోయి ఉండేవాళ్లు. దీపాలు ఆరేలోపే వాడిని చంపాలని ఒకరు, బట్టలు మార్చి పోవాలని ఒకరు, ఆటలోని గుడి గంట కొట్టి దిగితే వాడి బలం తగ్గుతుందని సికింద్రాబాదులో తన మేనబావ చెప్పాడని ఒకరు. సెలవులన్నీ గంట కొట్టడానికే సరిపోయాయి. బాయిలోడు మాత్రం చెక్కు చెదరలేదు.

పిల్లల కళ్లు ఎప్పుడూ తెర కింది అంకెల మీద ఉండేవి. ఎవరికి ఎంత ప్రాణం మిగిలింది, దెబ్బకు ఎంత పోయింది అనే లెక్క. సంతోషికి ఆ అంకెలు కనపడవు. నూనె ఆవిరిలో, ఊచల అడ్డంలో ఆమెకు కనపడేవి దీపాలే. ఒకరోజు అందరూ దెబ్బ తిని, కొట్టడానికి ఎవరూ లేక, డాక్టరమ్మ ఒక్కతే ఒకరి తర్వాత ఒకరిని లేపుతూ ఉంది. అంతసేపూ ఒక్క దీపం కూడా ఆరలేదు. సంతోషి పిండి చేతులతోనే లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"మీరు కొడ్తెనే దీపం ఆర్తున్నది. కొట్టకుంటే ఆర్తలేదు. సూస్తలేరా?"

లోపలివాళ్లు నవ్వారు. కొట్టకపోతే ఎట్లా చస్తాడని అడిగారు. కానీ విక్రమ్ ఒక్కడు నవ్వలేదు. మర్నాడు ఏ దెబ్బా కొట్టకుండా నలుగురినీ ఊరికే నిలబెట్టి చూశాడు. దీపాలు అట్లాగే వెలుగుతూ ఉన్నాయి. వాడు కుర్చీ వెనక్కి తిప్పి కిటికీ వైపు చూశాడు. ఆ రోజు నుంచి, ఏం చెయ్యాలన్నా ముందు కిటికీని అడగడం మొదలైంది.

కొట్టకుండా చంపడం ఎట్లా అన్నదే అందరి ముందూ ఉన్న చిక్కు. దానికి కూడా సంతోషే దారి చెప్పింది. చిట్టి దగ్గర ఒక పచ్చ కత్తి ఉంది, విషం ఎక్కించేది. ఒకసారి ఎక్కితే చాలు, ఎవరూ చెయ్యి ఎత్తకపోయినా ప్రాణం కొంచెం కొంచెంగా కారిపోతూ ఉంటుంది. రాక్షస రాజుకే ఎక్కలేదు, వీడికేం ఎక్కుతుందని విక్రమ్ వాదించాడు. వాడు వేరు, వీడు వేరు, ఒక్కపారి గుచ్చి చూడమని సంతోషి పట్టుబట్టింది. గుచ్చాడు. రాతి ఒంటి మీద ఆకుపచ్చ మరకలు పాకాయి. లోపల పిల్లలు కుర్చీలు ఎక్కి గంతులేశారు. మల్లవ్వ మాత్రం, బజ్జీలు మాడుతున్నాయి, నీ కండ్లు యాడున్నయే అని తిట్టింది.

ఆ తర్వాత ఒక వానాకాలమంతా ఆ పన్నాగానికి సానపెట్టారు. ముందు చిట్టి గుచ్చాలి. పహిల్వాన్, తాత డాలు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. డాక్టరమ్మ అందరినీ నిండుగా ఉంచాలి. విషం దిగిపోతే మళ్ళీ గుచ్చాలి. ఒక సాయంత్రం మొదటిసారి బాయిలోడు తల ఎత్తాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు. విక్రమ్ ఊపిరి బిగబట్టి కిటికీ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. సందులో బండి మీది గ్యాసు మంట ఒక్కటే మిగిలింది.

తర్వాత వాళ్లకు అంత దూరం మళ్ళీ కుదరలేదు. విక్రమ్‌ను హబ్సిగూడలో కోచింగులో వేశారు. కొన్నాళ్లకు బసవరాజు షాపు ఎత్తేసి ఫోన్ల పనిలోకి దిగాడు. మల్లవ్వ మోకాళ్లు సహకరించక బండి ఆపేసింది. ఇప్పుడు ఆ సందులో హాస్టలు లేచింది, కిటికీ ఉన్న గోడ కూడా లేదు.

* * *

ఆ డిస్కు ఇంకా ఉందా అని సంతోషి అడిగింది.

"డిస్కున్నది, డబ్బా ఉన్నది, టీవీ ఉన్నది. మీ పోరగాండ్ల ఆట దాసిన కార్డు గూడ ఉన్నది. పారెయ్య బుద్ధి గాలే," అన్నాడు బసవరాజు. "రేపు ఆదివారమేనాయె. అమ్మను తోల్కొని ఇంటికి రా చెల్లె."

మర్నాడు పొద్దున తల్లీకూతుళ్లు ఉప్పల్లో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. సంతోషి భర్త వీడియోగేము కోసం ఇంత దూరమా అని నవ్వి బస్టాపు దాకా దింపాడు. బసవరాజు భార్య శ్యామలమ్మ చాయ్ పెట్టింది. మల్లవ్వకు మంచం వేసి, పక్కన చిక్కుడుకాయల జల్లెడ పెట్టింది, ఊరికే కూర్చుంటే ఆమెకు తోచదని తెలిసినట్టు. అటక మీంచి దించిన టీవీ తెర మీద దుమ్ము తుడిస్తే, పాత గది వాసన వచ్చినట్టనిపించింది సంతోషికి.

డబ్బా ముక్కుతూ మూలుగుతూ తిరిగింది. తెర మీద జపాను అక్షరాలు వచ్చాయి. బసవరాజు కార్డు పెట్టి ఏదో నొక్కగానే, ఎండిపోయిన బావి గట్టు మీద నలుగురూ నిలబడి ఉన్నారు. పహిల్వాన్, తాత, డాక్టరమ్మ, చిట్టి. ఇన్నేళ్లూ ఎవరూ కదిలించని మనుషులు. మల్లవ్వ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "వీళ్లు గప్పటోళ్లేనా," అని అడిగింది.

బసవరాజు రిమోట్ ఆమె చేతికి ఇచ్చాడు. తీగతో ఉండే ఆ రిమోట్‌ను పట్టుకోవడం సంతోషికి అదే మొదటిసారి. అది ఇంత తేలికగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పన్నాగం అంతా తలలో అద్దంలా ఉంది. వేళ్లకే తెలియదు. ఏ బొత్తాం ఎక్కడుందో వెతుక్కునేలోపు చిట్టి గుచ్చవలసిన కత్తి సంచీలోకి పోయింది, తాత డాలు పెట్టబోయి మంట విసిరాడు, దీపాలు టపటపా ఆరిపోయాయి. చీకటి. నలుగురూ పడిపోయారు. మళ్ళీ దిగింది, మళ్ళీ అంతే. ఆ పూటంతా వాడు లేవనైనా లేవలేదు. లాలాపేట్ నుంచి సైకిలు మీద వచ్చిన పిల్లాడి వేళ్లు ఎంత పని చేశాయో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంతకాలం చెప్పడమే ఆట అనుకుంది. ఇంటికి వెళ్లే దారిలో బస్సులో ఒళ్లో పెట్టుకున్న సంచీ మీద వేళ్లు ఆడిస్తూ పోయింది.

పై ఆదివారానికి బసవరాజు విక్రమ్‌ను వెతికి పట్టుకున్నాడు. వాడు ఇప్పుడు హబ్సిగూడలో కోచింగు సెంటరులో లెక్కలు చెబుతున్నాడు. పొట్ట వచ్చింది, కళ్లజోడు వచ్చింది. గుమ్మంలో సంతోషిని చూసి ఏమనాలో తెలియక, బజ్జీలేవి అని అడిగాడు. మంచం మీద మళ్ళీ చిక్కుడుకాయల జల్లెడ ముందేసుకుని కూర్చున్న మల్లవ్వ నవ్వి, ముందు లోపలికి వచ్చి కూర్చోమంది.

కాసేపటికి విక్రమ్ చేతులు దురద పెట్టడం మొదలైంది. సంతోషి తడబడుతుంటే వాడి బొటనవేళ్లు వాటంతట అవే కదిలాయి. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఇటియ్యి సంతోషీ. గప్పటి లెక్క నువ్వు చెప్పు, నేను ఆడత. ఇప్పుడే కూలుస్త వాన్ని."

సంతోషి తెర మీంచి చూపు తిప్పలేదు. అట్లా చేస్తే వాడు ఇవాళే కూలుతాడని ఆమెకు తెలుసు.

"వద్దు విక్రమ్. గప్పుడు నువ్వు ఆడినవ్. ఇప్పుడు నన్ను ఆడనియ్యి. ఎన్ని దినాలైతే ఏంది."

విక్రమ్ తల ఊపి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు. ఒకటి రెండుసార్లు నోరు తెరవబోయి తనే మూసుకున్నాడు. అది వాడికి ఆడటం కన్నా కష్టమైంది.

ఈసారి వేళ్లు కొంచెం మాట విన్నాయి. చిట్టి గుచ్చింది. ఆకుపచ్చ మరక పాకింది. పహిల్వాన్, తాత డాలు వెనక కూర్చున్నారు. డాక్టరమ్మ నీళ్లు చల్లినట్టు ప్రాణం చల్లుతూ పోయింది. చాయ్‌లు చల్లారాయి. చాలాసేపటికి బాయిలోడు తల ఎత్తాడు. చెయ్యి నేలకు ఆనించాడు. గదిలో అందరూ పైకప్పు ఫ్యాను వైపు చూశారు. అది తిరుగుతూనే ఉంది. బాయిలోడు లేచి నిలబడ్డాడు.

అక్కడి నుంచి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. సంతోషి పాత పద్ధతినే పట్టుకుంది, అందరినీ డాలు వెనక దాచింది. కానీ నిలబడిన వాడి దీపాలు ఎవరూ కొట్టకుండానే ఆరడం మొదలుపెట్టాయి. ఒకటి, ఇంకొకటి, గబగబా. చీకటి. అయిపోయింది.

విక్రమ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఇదంతా మోసమన్నాడు, ఆట చేసినవాళ్లను తిట్టాడు. సంతోషి మళ్ళీ బావిలోకి దిగింది. మళ్ళీ అంత దూరం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. శ్యామలమ్మ అన్నాలకు లేవమంటే ఎవరూ లేవలేదు. బాయిలోడు నిలబడ్డాడు, దీపాలు ఆరుతున్నాయి, కంగారులో ఆమె వేలు జారింది. డాలు పెట్టవలసిన తాత మంట విసిరాడు. పోయింది అనుకుని సంతోషి కళ్లు మూసుకుంది.

మంచం మీంచి మల్లవ్వ, "ఓసి పిల్లా, ముసలోడు కొట్టంగనే దీపం ఎలిగింది గదనే," అంది.

సంతోషి కళ్లు తెరిచింది. నిజమే. ఎడమ భుజం మీద ఆరిపోయిన దీపం ఒకటి మళ్ళీ వెలుగుతోంది. కూర్చున్నప్పుడు కొడితే ఆరేవి. నిలబడ్డాక కొడితే వెలుగుతున్నాయి. వాడు లేవగానే లెక్క తలకిందులైంది. ఇక దాక్కోవడం లేదు, మందు లేదు, ఊపిరి పీల్చుకోవడం లేదు. పహిల్వాన్ గండ్రగొడ్డలి ఎత్తాడు. తాత దాచుకున్న మంటలన్నీ కుమ్మరించాడు. చిట్టి ఎగిరెగిరి పొడిచింది. మందు తప్ప వేరే ఎరగని డాక్టరమ్మ కూడా చేతికర్రతో వాడి మోకాలి మీద బాదింది. ఒక దీపం ఆరితే రెండు వెలుగుతున్నాయి. వాడి పిడికిలి దెబ్బకు పహిల్వాన్ పడ్డాడు. ఆమె లేపలేదు, లేపడానికి తీరిక లేదు. విక్రమ్ ఎప్పుడు నిలబడ్డాడో వాడికే తెలియదు. బసవరాజు గుమ్మం పట్టుకుని ఉన్నాడు.

తాత కూడా పడ్డాడు. చిట్టి ఇంకొకసారి పొడిచింది.

బాయిలోడు ఆగాడు. చేతులు దించి, మోకాళ్లు ముడుచుకుని, మొదటిసారి చూసినప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లా మెల్లగా కూర్చున్నాడు. భుజాల మీది దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. తర్వాత రాయి ఇసుకై, ఇసుక రాలిపోయి, బావి అడుగున వెలుగు మిగిలింది.

విక్రమ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బసవరాజు గొంతు సవరించుకుని, ఇంత ముద్దుగ కూసుంటడనుకోలే అన్నాడు. సంతోషి రిమోట్ ఒళ్లో పెట్టుకుని అరచేతుల చెమట చీర కొంగుకు అద్దుకుంది. నవ్వు, ఏడుపు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

తెర మీద జపాను అక్షరాలు వరసగా వచ్చాయి. చాలా ఉన్నాయి. బాయిలోడు ఎవరో, అక్కడ ఎందుకు కూర్చున్నాడో అందులో రాసి ఉంటుంది. విక్రమ్ ఫోను తీసి, కెమెరా పెడితే తెలుగులోనే చూపిస్తుందని, చదవమంటావా అని అడిగాడు. సంతోషి వద్దులే అంది. వాడి గురించి తాము అనుకున్నది ఆమెకు చాలు.

శ్యామలమ్మ ఈసారి గట్టిగానే పిలిచింది. బసవరాజు, విక్రమ్ కంచాల దగ్గరికి వెళ్లారు. మల్లవ్వ ఈనెలు తీసిన చిక్కుడుకాయలు వంటింట్లోకి పట్టుకుపోయింది. సంతోషి మాత్రం నలుగురినీ బావిలోంచి పైకి తెచ్చింది. అప్పట్లో కుడికి పో, ఎడమకు పో అని చెప్పిందే తప్ప, ఆ నేల మీద ఒక్క అడుగు తనంతట తాను వేసింది లేదు. బొత్తాం మీద వేలు ఆనిస్తే నలుగురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆపితే ఆగారు. ఒక వాగు దాటింది. వంతెన మీద ఊరికే అటూ ఇటూ తిప్పింది. పక్క ఊళ్లోకి వెళ్లి, తలుపు తెరిచి ఉన్న ఒక ఇంట్లోకి దూరింది. లోపల ఒక ముసలమ్మ పొయ్యి ముందు నిలబడి ఏదో కలుపుతోంది. మాట్లాడిస్తే రెండు వరసల జపాను మాటలు చెప్పింది.

అన్నం కలుపుకుంటూనే విక్రమ్ అక్కడి నుంచి చూసి, ఆ ఇళ్లల్లో ఏం లేదని, తాము ఎప్పుడూ పోనే లేదని చెప్పాడు.

"లేకుంటే ఏంది," అంది సంతోషి. "జర సూడనియ్యి."

ముసలమ్మను ఇంకొకసారి మాట్లాడించి, పక్కింటి తలుపు వైపు నడిచింది.